వ్యతిరేకంగా ఒక్కరు

మా పక్కింటి టీచరమ్మగారు పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. వినుకొండలో మనుషుల్ని దించి వస్తుంటే ఆవిడ కూతురు ఫోన్ చేసి, "అన్నా, అమ్మ పోయింది" అని పెట్టేసింది. దారిలో ఇంకెవర్నీ ఎక్కించుకోకుండా ఆటో నేరుగా వాళ్లింటికి తోలాను.

నేను ఆవిడ దగ్గర చదువుకోలేదు. పెళ్లయ్యాక ఈ ఊరొచ్చి స్థిరపడినవాణ్ణి. ఆవిణ్ణి నేను ఎక్కువగా ఎరిగింది మా పార్టీలో తోటి సభ్యురాలిగానే. ఏటా మండల సభ్యుల మహాసభ నూజెండ్లలో కల్యాణమండపంలో జరుగుతుంది. ఆవిడ నా ఆటోలోనే వచ్చేవారు. రెండో వరసలో కూర్చుని, పంచిన తీర్మానాల కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి, అక్షర దోషాలు దిద్ది వేదిక మీదికి పంపేవారు. భోజనాల వైపు చూసే మాకు, "చెయ్యెత్తే ముందు చదవండి" అని చెప్పేవారు. మేం నవ్వి, చదవకుండానే ఎత్తేవాళ్లం.

కొన్నేళ్ల కిందట, ఎన్నికలు దగ్గరపడ్డ రోజుల్లో, అవతలి పార్టీ బూత్ ఏజెంటు బైకు మీద నుంచి పడి రోడ్డు పక్కన నెత్తుర్లో కనిపించాడు. ఆటోలో వేసుకుని నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్లాను. బతికాడు. అతణ్ణి మోసుకెళుతున్న నా ఫొటో మా పార్టీ వాట్సాప్ గ్రూపులో తిరిగింది. మా ఊళ్లో ఒక పార్టీవాళ్ల కొట్లో ఇంకో పార్టీవాళ్లు టీ కూడా తాగరు. ఆ ఏడు మహాసభలో నన్ను పార్టీ నుంచి తీసేయాలని తీర్మానం పెట్టారు.

మండల అధ్యక్షుడు చదవగానే చేతులు లేచాయి, మా బావమరిదిది కూడా. నేను వెనక గోడకు ఆనుకుని చూస్తున్నాను. వ్యతిరేకించేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అధ్యక్షుడు మాటవరసకు అడిగాడు. టీచరమ్మగారు చెయ్యెత్తి లేచారు. ఇది క్రమశిక్షణ విషయమనీ, పెద్దవారు కూర్చోండనీ అతను నెమ్మదిగానే చెప్పాడు.

"క్రమశిక్షణ గురించి నాకు చెప్పమాక నాయనా," అన్నారావిడ. "నెత్తురు కారతా ఉన్నోణ్ణి నీది ఏ పార్టీ అని అడిగి ఆటో ఎక్కించుకోవాలా? ఆ మాటే తీర్మానంలో రాయి. అప్పుడు ఎంతమంది ఎత్తుతారో చూద్దాం."

ఎత్తిన చేతులు దిగలేదు. తీర్మానం నెగ్గింది. 'వ్యతిరేకంగా ఒక్కరు' అని మినిట్స్ పుస్తకంలో రాసి చూపించేదాకా ఆవిడ కూర్చోలేదు.

తిరుగు దారిలో నా ఆటో ఎక్కింది ఆవిడొక్కరే. ఇలాంటి పార్టీలో మీరెందుకమ్మా, మానెయ్యండి అన్నాను కోపంగా.

"నేను గూడా బయటికొస్తే రేపు ఆ చెయ్యి ఎవరెత్తుతారు అబ్బాయ్?" అన్నారు.

మరుసటేడు నన్ను తిరిగి చేర్చుకోవాలని ఆవిడే తీర్మానం పెట్టారు. ఏడు చేతులే లేచాయి. తీర్మానం ఓడిపోయింది. ఆ పై ఏడాది మళ్లీ పెట్టారు, నెగ్గింది. నా ఆటోలో ఇంటికొచ్చేదాకా ఆవిడ ఆ సంగతి ఎత్తనే లేదు. ఈసారి తీర్మానాల్లో తప్పులు తక్కువున్నాయని మాత్రం అన్నారు.

బుధవారం సమాధుల దొడ్డికి మా అధ్యక్షుడు పార్టీ జెండా తెచ్చాడు, శవపేటిక మీద కప్పడానికి. అది చూసి అవతలి పార్టీవాళ్లు గేటు దగ్గరే ఆగిపోయారు. ఆవిడ కూతురు అతనితో, "వాళ్లు గూడా వచ్చి మట్టి వెయ్యాలి, అన్నా. జెండా వద్దు" అంది.

అతను జెండా మడిచి చంకలో పెట్టుకుని, మట్టి వెయ్యడానికి వరసలో నిలబడ్డాడు. అతని ముందు ముగ్గురు అవతలి పార్టీవాళ్లున్నారు.