మేడమ్ అడిగిన ఒక్క పూట

మా కెమిస్ట్రీ మేడమ్ పోయిన నెల చనిపోయారు. చిట్కుల్‌లో ఆమె కిరాయికున్న ఇంటి యజమానురాలు ఫోన్ చేసింది. “మీ మేడమ్ ఇగ లేదమ్మా. పొద్దుగాల ఆయాసం ఎక్కువైంది. దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే పానం పోయింది.” అప్పుడు నేను గడ్డపోతారంలో, నేను పనిచేసే మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉన్నాను. ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న శాంపిల్ పని పూర్తిచేశాను. ఏడుపు రాలేదు.

జిన్నారంలో ఇంటర్ చదివేటప్పుడు ఆమె మాకు పాఠాలు చెప్పారు. కిటికీ తెరిస్తే కంపెనీల వాసన, మూస్తే ఉక్క. ఆమె తెరిచే ఉంచేవారు. సిలబస్ అయిపోయాక నక్షత్రాల మధ్య జరిగే కెమిస్ట్రీ చెప్పేవారు. అక్కడి చల్లని మేఘాల్లో కార్బన్ అయాన్ ఒంటరిగా తిరుగుతుంటుంది. దాని విద్యుదావేశం దారిన పోయే అణువును తనవైపు లాగుతుంది. రెండూ గుద్దుకున్నాక ఒక హైడ్రోజన్ విడిపోయి, మిగులు శక్తిని పట్టుకుపోతే తప్ప మిగిలినవి కలిసి నిలవవు. అలా కార్బన్లు ఒక్కొక్కటే చేరి గొలుసవుతాయి. “ఒక్కపారి తాకనీకె రోజులు పడ్తది. అయినా అయితున్నది సూడుండ్రి,” అనేవారు.

వయసులో ఉన్నప్పుడు ఆమె పరిశోధన మధ్యలో ఆగిపోయింది. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. రిటైరయ్యాక పాత జవాబు పత్రాల వెనక మళ్లీ ఆ గొలుసుల లెక్కలే మొదలుపెట్టారు. ఒక ఆదివారం నేను వెళితే అడిగారు.

“బిడ్డా, మీ కంపెనీల అయాన్లను గ్యాస్‌తోని గుద్దిచ్చి తుకడాలు తూచే మిషన్ ఉన్నదంటివి గద. ఒక్క పూట ఇస్తరేమో అడుగు. ఈ గొలుసు యాడ తెగుతదో సూస్త. నా లెక్క నిజమో కాదో తెలుస్తది.”

అడుగుతానన్నాను. మా మేనేజర్ అంటే నాకు భయం. మూడు ఆదివారాలు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. నాలుగోసారి, “అడిగిన మేడమ్. ఒప్పుకోలే,” అన్నాను.

“పరేషాన్ గాకు. నీ నౌకరి పైలం,” అన్నారామె.

నేను అడగనే లేదు. తర్వాత వెళ్లినప్పుడు ఆ కాగితాలు బల్ల మీద కనిపించలేదు.

ఆమె పోయాక, ఇక దాచుకుని చేసేదేముందని మేనేజర్‌కు అంతా చెప్పాను. “జెర ముందుగాల చెప్పొద్దా అమ్మా? ఐతారం మిషన్ ఖాళీగనే ఉంటది గద,” అన్నారాయన.

మొన్న ఆమె పుస్తకాలు తెచ్చుకుందామని చిట్కుల్ వెళ్లాను. గది ఖాళీ చేసి సున్నం వేయిస్తున్నారు. మంచం ఉండే చోట, గోడ మీద, ఆమె పెన్సిల్‌తో రాసిన పొడవాటి కార్బన్ గొలుసు. దాని మీద అప్పుడే సున్నం పూసినట్టున్నారు. తడి కింద గీతలు నల్లగా కనిపిస్తూనే ఉన్నాయి.

“ఆరినంక కనవడది లెండి,” అన్నాడు సున్నం వేసే అతను.

నేను అక్కడే నిలబడ్డాను. కిటికీ వైపు నుంచి ఆరడం మొదలై, ఒక్కో కార్బనూ తెల్లబడిపోయింది.