ఒత్తులో చుక్క

పాఠ్యపుస్తకాలు వేసే ఆ ప్రచురణ సంస్థలో ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. జీతాల గుమాస్తా కూడా ప్రూఫక్క అనే పిలిచేవాడు. అచ్చుకు వెళ్ళే ప్రతి పేజీ ఆమె చేతి మీదుగా వెళ్ళాల్సిందే. అందరూ కళ్ళలో ఒత్తులు వేసుకుని చూస్తే మా ప్రూఫక్క ఒత్తుల్లో కళ్ళు వేసుకుని చూస్తుందని మేనేజరు కొత్తగా చేరినవాళ్ళకు చెప్పి నవ్వించేవాడు. ఆమె నవ్వేది కాదు గానీ ఆ మాట విన్నప్పుడల్లా లోపలెక్కడో చల్లగా ఉండేది.

ఆ రోజుల్లో ప్రూఫు చూడడం ఇద్దరి పని. ఆమెకు ఎదురుగా బాబాయి కూర్చునేవాడు. వరసకు బాబాయేమీ కాదు, వయసును బట్టి ఆఫీసంతా అలా పిలిచేది. రాతప్రతి ఆయన చేతిలో, అచ్చుకాగితం ఆమె చేతిలో. ఆయన పైకి చదువుతుంటే ఆమె వేలితో వెంబడించేది. కామాలు, ఫుల్‌స్టాపులు, కొత్త పేరాలతో సహా ఆయన అన్నీ పైకే చదివేవాడు. పందొమ్మిదేళ్ళు అలా గడిచాయి. పనికి సంబంధం లేకుండా వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటలన్నీ పోగేసినా ఒక పేజీ నిండదు. అయినా ఆయన పోయినరోజు ఆమెకు చెవులు రెండూ మూసుకుపోయినట్టయింది. సంస్థ ఆయన స్థానంలో ఇంకొకరిని పెట్టలేదు. మరుసటి ఏడాది ఆఫీసు సగానికి సగం ఖాళీ చేసి, ప్రూఫక్క చేతికి ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి, ఇక ఇంటి దగ్గర్నుంచే చూడమన్నారు.

ఇల్లంటే మూడో అంతస్తులో రెండు గదులు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఫలానా కారణమని చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు, సంబంధాలు చూసేవాళ్ళు చూడడం మానేశారు, అంతే. వేరే ఊళ్ళో ఉన్న తమ్ముడు ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. మిగతా ఆరు రోజులూ ఆమె నోరు విప్పాల్సిన అవసరం దాదాపుగా ఉండేది కాదు.

ల్యాప్‌టాప్ తెర పద్నాలుగు అంగుళాలది. పేజీ మొత్తం కనపడేలా పెడితే అక్షరాలు చీమల బారులా ఉండేవి. పెంచితే పేజీలో నాలుగో వంతే కనిపించి, ఏ వరుస తర్వాత ఏ వరుసో తప్పిపోయేది. మెడ ముందుకు సాచి, ముక్కు తెరకు ఆనించినంత పని చేసేది. అలా రెండేళ్ళు నెట్టుకొచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం మేనేజరు ఫోన్ చేశాడు. ముందు ఆరోగ్యం గురించి అడిగాడు. ఆయన ఆరోగ్యం గురించి అడిగాడంటేనే ఆమెకు అనుమానం వచ్చింది. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో అర్ధవృత్తం అని ఉండాల్సిన చోట, ఒక అధ్యాయం శీర్షికతో సహా, అర్థవృత్తం అని పడిందట. ‘ర’ కింద వేలాడే ఒత్తు లోపల చుక్క ఉంటే అది అర్థం, లేకపోతే సగం. సగం వృత్తం కాస్తా, అర్థమున్న వృత్తమై కూర్చుంది. ఎవరో లెక్కల మాస్టారు ఆ పేజీని ఫొటో తీసి, అర్థం కాని వృత్తం ఏదో కూడా చెబితే బాగుంటుందని రాసి పంపించాడట. చూసినవాళ్ళందరూ నవ్వుకున్నారట.

"నిన్నేమీ అనడం లేదక్కా. కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో. కళ్ళు ఒకసారి చూపించుకో" అన్నాడు మేనేజరు.

తిట్టి ఉంటే బాగుండేది. ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. చూపు పోతోందని చెబుతాడేమోనని గుండె చిక్కబట్టుకుని కూర్చుంది. అరగంట పరీక్షించి, కళ్ళకేమీ కాలేదన్నాడు డాక్టరు. దూరానికీ దగ్గరికీ కలిపి ఒకే అద్దంలో ఉన్న కళ్ళజోడుతో, అంత చిన్న తెరను, అంత దగ్గరగా చూడడమే అసలు బాధ అన్నాడు. చేతిని చాచినంత దూరంలో విడిగా పెద్ద తెర ఒకటి పెట్టుకుని, ఆ దూరానికే సరిపోయే అద్దాలు వేరే చేయించుకోమన్నాడు. ఆమెకు ఊరట కలగాల్సింది. కానీ కళ్ళు బాగానే ఉండి తప్పు జారిందంటే ఇంకా సిగ్గనిపించింది.

సంగతి విన్న తమ్ముడు, ఉన్నవాటిలో పెద్దది కొనెయ్యమని ఒక్కమాటలో తేల్చేశాడు. ఆమె వీధి చివర కంప్యూటర్ల కొట్టుకు వెళ్ళి, గుమాస్తా చూపించిన ముప్ఫై రెండు అంగుళాల మానిటర్ కొనుక్కొచ్చింది. బల్ల మీద పెడితే గదిలో సగం అదే ఉన్నట్టుంది. ఉత్సాహంగా ఎనిమిదో తరగతి పుస్తకం తెరిచింది. అక్షరాలు పెద్దవయ్యాయి, నిజమే. కానీ వాటి అంచులు రంపపు పళ్ళలా ఉన్నాయి. గుండ్రని సున్నా మెట్లు మెట్లుగా కనిపించింది. ఒత్తు లోపల చుక్క ఉందో, దుమ్ము కణమో తెలియడం లేదు. రెండు రోజులకే తలనొప్పి పట్టుకుంది. మూడో రోజు దాన్ని మళ్ళీ అట్టపెట్టెలో సర్ది, ఆటోలో వేసుకుని కొట్టుకు తీసుకెళ్ళింది.

ఈసారి కొట్టులో యజమానురాలు ఉంది. ప్రూఫక్క వయసే ఉంటుంది ఆవిడకు. వాపసు అనగానే మొహం ముడుచుకోలేదు. ఏం పని చేస్తారని అడిగింది. చెప్పగానే ఆసక్తిగా కుర్చీ ముందుకు లాక్కుంది.

"అక్షరం పెద్దగా కనిపించడం వేరు మేడమ్, తేటగా కనిపించడం వేరు. దీంట్లో బొమ్మను కూర్చే చుక్కలు చిన్న మానిటర్‌లో ఉన్నన్నే. వాటినే పెద్ద జాగాలో పరిచేశారు. పల్చటి బట్టను సాగదీస్తే ఎలా ఉంటుంది? అలా అన్నమాట."

ప్రూఫక్క సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. అందులో ఆమె తయారు చేసుకున్న ఒక పేజీ ఉంది. ‘ప’ పక్కన ‘ఫ’, ‘ద’ పక్కన ‘ధ’, దాని పక్కన ‘థ’, వాటి ఒత్తులు, ‘ఋ’కారాలు, కంటిని మోసం చేసేవన్నీ వరుసగా పేర్చింది. కొట్టులో ఆన్ చేసి ఉన్న మానిటర్లన్నింటి మీదా ఆ పేజీ తెరిచి చూడాలంది. కొనడానికొచ్చినవాళ్ళు సినిమా బొమ్మలో ఆటలో పెట్టి చూస్తారు గానీ, ఇలా గుణింతాలు పెట్టి చూసినవాళ్ళు ఎవరూ రాలేదని యజమానురాలు నవ్వింది. ఇద్దరూ ఒక్కో తెర దగ్గరా ఆగుతూ గంటకు పైగా తిరిగారు. వంపు తిరిగినదాని మీద వరుసలు వాలినట్టు కనిపించాయి. అద్దంలా మెరిసేదాంట్లో అక్షరాల కంటే తన మొహమే ఎక్కువ కనిపించింది. చివరికి ఇరవై ఏడు అంగుళాలది, చుక్కలు దట్టంగా ఉన్నది, మెరుపు లేనిది ఒకటి దొరికింది. ముందు దాంట్లో అక్షరాలు ఆవగింజల్లా కనిపించేసరికి ప్రూఫక్క నీరసపడింది. యజమానురాలు సెట్టింగుల్లో నూరు శాతం ఉన్నదాన్ని నూటయాభై చేసింది. అక్షరాలు ఒక్కసారిగా ఎదిగి, అప్పుడే అచ్చయిన కాగితం మీద ఉన్నట్టు నిలబడ్డాయి. ‘థ’ ఒత్తులో చుక్క, మిరియపు గింజంత స్పష్టంగా ఉంది.

"ఎంతమంది చూస్తారు దీన్ని?" అని అడిగింది యజమానురాలు, స్టాండు ఎంత ఎత్తులో ఉండాలో లెక్క చూసుకోవడానికి.

"నేనొక్కదాన్నే."

ఇంటికొచ్చాక ఆమెకు గుర్తొచ్చింది, ఎదురుగా ఉన్న మనిషితో గంటసేపు మాట్లాడి ఎంతకాలమైందోనని.

మానిటర్ అంత తేలిగ్గా లొంగలేదు. పెట్టెలో వచ్చిన కేబుల్ తగిలిస్తే బాణం గుర్తు గంతులు వేసుకుంటూ కదిలింది. పేజీ జరుపుతుంటే అక్షరాలు వణికాయి. ఆమె మళ్ళీ కొట్టుకు వెళ్ళింది. పాత ల్యాప్‌టాప్‌లో ఆ కేబుల్ తగిలించిన రంధ్రానికి ఇంత పెద్ద బొమ్మను వేగంగా పంపే శక్తి లేదని, పక్కనున్న చిన్న రంధ్రంలోంచి పంపొచ్చని చెప్పి, యజమానురాలు వేరే కేబుల్ ఇచ్చింది. దాంతో వణుకు పోయింది గానీ, పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం తెరిస్తే అక్షరాలు నీళ్ళలో తడిసినట్టున్నాయి. మిగతా అన్నిట్లో తేటగానే ఉన్నాయి. ఈసారి ఫోన్ చేసింది. అదొక్కటీ పాతది కాబట్టి నూటయాభై శాతమనే కొత్త కొలత దానికి తెలియదని, దాని గుర్తు మీద కుడివైపు నొక్కి, ఫలానా చోట టిక్ పెట్టమని యజమానురాలు ఒక్కొక్క మెట్టూ చెప్పి చేయించింది. మసక విడిపోయింది. అక్షరాల చుట్టూ తెల్లటి అంచు కనిపిస్తోందంటే, మానిటర్ వెనక బొత్తాం నొక్కి పదును తగ్గించమంది. ఒక తెల్ల కాగితం పక్కన పట్టుకుని, తెర తెలుపు దానితో సమానమయ్యేదాకా వెలుతురు తగ్గించమంది.

కిటికీ ఎదురుగా ఉంటే కళ్ళకు కొట్టింది, వెనక ఉంటే తెర మీద పడింది. చివరికి బల్లను పక్క గోడకు జరిపింది. అంతవరకూ తలెత్తితే వీధిలో వచ్చేపోయేవాళ్ళు కనిపించేవాళ్ళు. ఇప్పుడు తెరా, దాని వెనక గోడా. కొత్త అద్దాలు వచ్చేదాకా గడ్డం పైకెత్తి చూడాల్సి వచ్చి మెడ పట్టేసింది. తెరను నాలుగు వేళ్ళు కిందికి దించితే అదీ తీరింది. అంతా కుదిరేసరికి పది రోజులు పట్టింది.

పదకొండో రోజు పొద్దున కుర్చీలో కూర్చుని, ఇంకా ఏమైనా లోపం ఉందేమోనని ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికింది. ఏమీ లేదు. కొట్టుకు ఫోన్ చేయడానికి సాకు కూడా మిగల్లేదు. ఊరికే చేసి, బాగానే పనిచేస్తోందండీ అని చెప్పొచ్చు. నంబరు నొక్కింది. అవతల గుమాస్తా ఎత్తి ఏం కావాలన్నాడు. ఏమీ వద్దని పెట్టేసింది.

చేతిలో పనిలేదు కాబట్టి ఎనిమిదో తరగతి పుస్తకాన్నే మొదటి పేజీ నుంచి చదవసాగింది. చదివి వినిపించేవాళ్ళు లేరు కనక తానే పైకి చదువుకుంది, కామాలతో, ఫుల్‌స్టాపులతో సహా. మొదట సొంత గొంతు ఖాళీ గదిలో వినడానికి ఎబ్బెట్టుగా ఉంది. నలభై పేజీలయ్యాక అలవాటైంది. నూట పన్నెండో పేజీలో మరో తప్పు దొరికింది. నూట ముప్ఫైలో ఇంకోటి. అంతకుముందు ఏడాది చేసిన సైన్సు పుస్తకం తెరిస్తే అందులోనూ ఉన్నాయి. నాలుగు రోజులు చదివేసరికి పదిహేడు లెక్క తేలాయి. ఒక్కొక్కటీ కనిపించినప్పుడల్లా పేజీ నంబరు కాగితం మీద రాసుకుంది. వీటిని ఏ మాస్టారూ ఫొటో తీయలేదు. తాను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తెలిస్తే మేనేజరు తనకు ఇక పని ఇవ్వకపోవచ్చు. ఈ తెర ముందు కూర్చునే అవసరమే లేకుండా పోవచ్చు.

ఒక పూటంతా ఆలోచించింది. సాయంత్రం కాకముందే పదిహేడింటినీ పేజీ నంబర్లతో పట్టిక వేసి పంపించేసింది.

మేనేజరు వెంటనే ఫోన్ చేశాడు.

"ఇవి నేను అడిగానా అక్కా?"

"లేదు సార్. కనిపించాయి. చూసినవి చూడనట్టు ఉండలేను."

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"పిల్లలు అలాగే నేర్చుకుంటారు కదా సార్."

ఆయన నిట్టూర్చాడు. తప్పొప్పుల పట్టిక వేయించి బళ్ళకు పంపిద్దామని, అది ఆమెనే తయారు చేయమని చెప్పాడు. ఆ ఒక్క కాగితాన్ని ఆమె ఆరుసార్లు చదివింది. తర్వాతి వారం పని మళ్ళీ రావడం మొదలైంది. అయితే ఇకమీదట ఆమె చూసిన పేజీలను రెండోసారి ఇంకొకరు చూస్తారని ఒక షరతు పెట్టారు. ఆ మాట ఆమెకు కొంచెం గుచ్చుకుంది. కొంచెం బరువు దిగినట్టూ అయింది.

ఆ రెండో మనిషి ఎవరో ఎవరూ చెప్పలేదు. ఆడో మగో, ఏ ఊరో తెలియదు. ఆమె చూసి పంపిన పేజీల పక్కన ఆకుపచ్చ రంగులో గుర్తులు వచ్చేవి, అంతే. మొదట్లో ఆ ఆకుపచ్చ కనిపిస్తే చాలు, ఒళ్ళు మండేది. పోనుపోను దానికోసమే ఫైలు తెరిచేది. ఆ మనిషి ఎక్కడా ఒక్క మాట ఎక్కువ రాయరు. కామా దగ్గర తొందరపడరు. తాను జారవిడిచినదాన్ని పట్టుకుంటే, తాను ఎలా పట్టుకునేదో అలాగే పట్టుకుంటారు. ఒకసారి చరిత్ర పుస్తకంలో రాజుగారు పుట్టిన ఏడు, పట్టాభిషేకం జరిగిన ఏడు తారుమారైతే, ఆమెకు తట్టలేదు. ఆకుపచ్చ గుర్తు పట్టేసింది.

ఆమె ఆ గుర్తు వంక చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ చేయని పని చేసింది. పేజీ అంచున, తప్పుకు సంబంధం లేని మాట ఒకటి రాసింది. "బాగా పట్టుకున్నారు" అని. రాసి, అక్షరం అక్షరం సరిచూసుకుని పంపింది.

రెండు రోజులకు ఫైలు తిరిగొచ్చింది. ఏళ్ళు సరిచేసి ఉన్నాయి. ఆమె రాసిన మాట అక్కడ లేదు. అచ్చుకు వెళ్ళే పేజీలో ఉండకూడని మాట కనక తీసేశారు. ఆ చోటు నీటుగా, తెల్లగా ఉంది. తానైనా అదే చేసేది. ఆమె కళ్ళజోడు తుడుచుకుని, పెట్టుకుని, తర్వాతి పేజీకి వెళ్ళింది.