గేలాన్ని అవతలి నుంచి గుంజినది

మా ఇంట్లో దయ్యం మాట ఎత్తినవాణ్ణి తాతగారు భోజనం మధ్యలోనైనా లేపి పంపేసేవారు. పిరికితనానికి పెట్టుకున్న ముద్దుపేరే దయ్యం అనేవారు ఆయన. ఆ మాటే నాకూ ప్రమాణం. శ్మశానాన్ని ఆనుకున్న గదిలో రెండేళ్ళు అద్దెకున్నాను, తలుపు తీసి పడుకున్నాను, ఏమీ చూడలేదు. ఈ వయసులో కూడా దయ్యాలున్నాయని నేను అనను. కానీ దుబాయ్ అవతలి రాస్ అల్ ఖైమాలో ఒక శుక్రవారం పట్టపగలు జరిగిన సంగతి ఒకటుంది. అది నాకు ఎవరో చెప్పింది కాదు. నా రెండు చేతులతో పట్టుకుని తెలుసుకున్నది.

డెబ్బయ్యో దశకం చివర. నేను అక్కడ కొండరాయి తీసే క్వారీలో స్టోర్‌కీపర్‌ని. గోదావరి పాయ మీద మా వంశానికి చేపల రేవులుండేవి. ఎస్టేట్లు పోయినప్పుడు రేవులు పోయాయి. తర్వాత కచేరీ సావడి దూలాలు కూడా వేలంలో పోయాయి. నేను దుబాయ్ వెళ్తున్నానని తెలిసి మా బంధువులు నవ్వారు. క్యాంపులోనూ నవ్వినవాళ్ళున్నారు, ఎందుకంటే నా కంచం నేను విడిగా తెచ్చుకున్నాను, ఇస్త్రీ లేని చొక్కాతో గది దాటలేదు. నవ్వనిచ్చాను.

నవ్వనివాడు చంద్రయ్య. కరీంనగర్ వైపు పల్లె. క్వారీలో డ్రిల్లు పట్టేవాడు. దేశంలో ఉండగా అతనూ తమ్ముడు నర్సయ్యా ఊరూరా తిరిగి బావులు తవ్వేవారు. నన్ను "దొరా" అని పిలిచేవాడు. ఆ పిలుపు నేను అడిగి పిలిపించుకున్నది కాదు.

ఆ ఏడు ఎండలు తగ్గి గాలి చల్లబడుతున్న రోజుల్లో, సెలవు మీద వెళ్ళి తిరిగొచ్చిన ఒకడు చంద్రయ్యకు కబురు తెచ్చాడు. బావిలో వాటా కోసం దాయాదులు గొడ్డళ్ళు పట్టుకుని తిరుగుతున్నారు. నర్సయ్య ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు. పొలానికి వెళ్ళినా పక్కన మనిషి లేడు. చంద్రయ్య వెంటనే వెళ్ళి తమ్ముడి పక్కన నిలబడాలి. అతని పాస్‌పోర్టు మాత్రం మేనేజరు గదిలో ఇనప్పెట్టెలో ఉంది.

మేనేజరు స్కాట్లండ్ మనిషి. క్యాంపులో అందరూ ఆయన్ను ముదీర్ అనేవారు. ఓడకు రాయి ఎత్తడం పూర్తయ్యేదాకా ఎవరికీ సెలవు లేదన్నాడు. చంద్రయ్య రెండుసార్లు వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాడు. మూడోసారి నేను వెళ్ళాను. నేను కాళ్ళు పట్టుకునే మనిషిని కాను. నిలబడి విషయం చెప్పాను.

ఆ సమయానికి ముదీర్ బల్ల మీద గేలాలు పరుచుకుని కూర్చున్నాడు. చెంచా గుంటలాంటి మెరిసే రేకులు, ఒక్కోదానికీ మూడు ముళ్ళ కొక్కెం. వాళ్ళ దేశపు నదుల్లో సాల్మన్ అనే చేపకు అవే వాడతారట. ఆకురాలు కాలంలో ఆ చేప సముద్రం వదిలి నదికి ఎదురెక్కుతుంది. గుడ్లు పెట్టేదాకా ఏమీ తినదు. అయినా ఆ రేకు కళ్ళ ముందు తిరిగితే వచ్చి కొరుకుతుంది.

"ఆకలికి కాదు, కోపానికి," అన్నాడు ముదీర్. "కోపం వచ్చినవాణ్ణి పట్టడం తేలిక."

మా గోదావరిలో పులస కూడా అలాగే ఎదురెక్కుతుందని నేను చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నువ్వు చేపల జమీందారువని విన్నాను. సరే రాజా. శుక్రవారం ఖోర్ దగ్గరికి రా. నీ చచ్చిన ఎరతో నా చెంచాను ఓడించు. మధ్యాహ్నం జుమా నమాజు పిలుపు దాకా గడువు. నీ చేప పెద్దదైతే వాడు ఇంటికి వెళ్తాడు. నాది పెద్దదైతే ఓడ నిండేదాకా నోరెత్తడు."

ఒక మనిషి ప్రయాణాన్ని చేప పొడవుతో కొలవడం నీచం. ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను. అని, పందేనికి ఒప్పుకున్నాను. వేరే దారి లేదు.

బయట చంద్రయ్య నిలబడి ఉన్నాడు. "గెలుస్తరా దొరా?" అన్నాడు.

"చేపను ఇంకా అడగలేదు."

"గట్లయితే జల్ది అడుగుండ్రి. ఆడ మావోడు ఒక్కడే ఉన్నడు."

ఖోర్ అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. పోటు తీసేటప్పుడు దాని మూతి దగ్గర నీళ్ళు వరద గోదావరిలా సుళ్ళు తిరుగుతూ బయటికి పరుగెత్తేవి. ముదీర్ దాన్ని "నా నది" అనేవాడు. చల్లబడ్డాక వంజరం చేప ఆ మూతి దగ్గరికి వచ్చేది. నీళ్ళతోపాటు కొట్టుకొచ్చే చిన్న చేపల మీద పడి వేటాడేది.

శుక్రవారం పొద్దున్నే కంపెనీ లారీలో వెళ్ళాం. నేను, చంద్రయ్య, ముదీర్, పఠాన్ డ్రైవరు, అంతే. ముదీర్ ఒక బండ మీద తన కర్రా చెంచాలతో నిలబడ్డాడు. కాస్త అవతల ఇంకో బండ మీద నేను. నాది చేతితాడు, లావుపాటి నైలాన్. ఎరకు కవళ్ళనే చిన్న చేపలు. కొక్కెం కవ్వ నోట్లోంచి దూర్చి వెన్ను పక్కగా తీస్తే నీటివాలులో అది బతికి ఈదుతున్నట్టే కదులుతుంది. మా రేవుల్లో నేర్చుకున్న పని.

మొదట ముదీర్ చెంచాకే తగిలింది. కర్ర విల్లులా వంగింది. వంజరాన్ని బండ మీదికి ఈడ్చి, పొట్టి కొయ్యతో తల మీద కొట్టాడు. చచ్చాక కూడా కొట్టాడు. దవడ ఊడి వేలాడింది. ఆయన మోకాళ్ళ దాకా నెత్తురు చిందింది. చేపను కర్ర పక్కన పెట్టి కొలిచి నావైపు చూశాడు.

"రాజా, నీ చేప ఇంకా స్నానం చేస్తోందా?"

నాకు అప్పటికి రెండు చిన్నవి పడ్డాయి. రెండూ కలిపినా దాని పొడవు రావు. చంద్రయ్య నా వెనక గొంతుక్కూర్చున్నాడు. చేపల వైపు చూడటం మానేసి ఎండ వైపు చూస్తున్నాడు.

ఎండ బాగా ఎక్కాక నా తాడుకు ఏదో తగిలింది. తగలడం కాదు, కొట్టింది. తాడు నా అరచేతుల్లోంచి పరుగెత్తి చర్మం ఒలిచింది. చంద్రయ్యను పిలిచాను. అతను ముందుకు దూకి తాడు పట్టాడు. ఇద్దరం మడమలు బండకు తన్నిపెట్టి వెనక్కి వాలాం. అంత బరువు నేను గోదావరిలో కూడా ఎరగను. ముదీర్ చేపకు ఇది రెట్టింపు ఉంటుందనుకున్నాను. నేను చెప్పకుండానే చంద్రయ్యకూ అది తెలిసింది. "అచ్చింది దొరా! అచ్చింది!" అని నవ్వాడు.

అప్పుడు లాగుడు ఆగింది. తాడు బిగువుగానే ఉంది, కానీ పరుగు లేదు. ఆ బిగువులోంచి మూడు పొట్టి గుంజుళ్ళు వచ్చాయి. తర్వాత ఒక పొడుగు గుంజుడు. కాస్త విరామం. మళ్ళీ మూడు పొట్టివి, ఒక పొడుగుది.

చేప తల విదిలిస్తుంది, దిశ మారుస్తుంది, అడుగుకు దిగుతుంది. లెక్కపెట్టి గుంజదు. ఇది గోడ అవతల నుంచి ఎవరో తలుపు తట్టినంత స్పష్టంగా వచ్చింది. మూడోసారీ అదే వచ్చింది.

చంద్రయ్య ముఖం పాలిపోయింది. నేను చూస్తుండగానే తాడును ముంజేతికి చుట్టుకున్నాడు.

"ఇడువకుండ్రి దొరా! మా నర్సిగడు! పైకి గుంజుమంటుండు!"

ఆ క్షణానికి నాకు ఆ మాట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది ఇక్కడే చెబుతాను. బావి తవ్వేటప్పుడు ఒకడు తాడు మీద లోపలికి దిగి, బండకు మందు కూరి, వత్తి అంటిస్తాడు. పైన ఉన్నవాడు అతన్ని వెంటనే లాగాలి, లేకపోతే లోపలివాడు ముక్కలైపోతాడు. పంప్‌సెట్ల మోతలో కేక వినపడదు కాబట్టి తాడుతోనే చెప్పుకుంటారు. వత్తి అంటుకుంది, లాగు అనడానికి ఆ అన్నదమ్ముల గుర్తు మూడు పొట్టివి, ఒక పొడుగుది. పైన తాడు పట్టేవాడు సొంత రక్తమే అయి ఉండాలి. పట్టినవాడు లోపలి మనిషి పైకి వచ్చేదాకా తాడు వదలకూడదు, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. అది వాళ్ళ కట్టడి.

మా అరుపులు విని ముదీర్ వచ్చాడు. నవ్వుతూనే వచ్చి, నా ముందు తాడు మీద రెండు వేళ్ళు ఆనించాడు. గుంజుళ్ళు మళ్ళీ వచ్చాయి. నిప్పు తగిలినట్టు ఆయన చెయ్యి తీసేశాడు. చిన్నప్పటినుంచీ నదుల్లో చేపలు పట్టిన మనిషి. "ఇది చేప కాదు," అన్నాడు, వెనక్కి నడిచాడు.

అప్పుడు బరువు ఒక్కసారిగా సముద్రం వైపు కదిలింది. చంద్రయ్య బండ మీది పాచిలో జారి నడుము దాకా నీళ్ళలో పడ్డాడు. నైలాన్ అతని ముంజేతిలోకి కోసుకుపోయింది. తెల్లగా లోపలిది కనబడింది. ఆలిచిప్పల అంచులకు అతని పొట్ట, మోకాళ్ళు చీరుకుపోయాయి. అయినా రెండో చేత్తో తాడు గుంజుతూనే ఉన్నాడు. "అచ్చిన తమ్మీ! అచ్చిన!" అని అరుస్తున్నాడు. నేను అతని నడుం పట్టుకున్నాను. ఇద్దరం కలిసి నీళ్ళలోకి జారుతున్నాం.

కవళ్ళు కోసే కత్తి నా బెల్టులో ఉంది. తీసి తాడు కోశాను.

నేను చేసింది సరైన పని. ఇవాళ అదే బండ మీద నిలబెట్టినా కోస్తాను. ఇంకో నిమిషం ఆలస్యమైతే ఆ చెయ్యి ఉండేది కాదు, బహుశా ఆ మనిషీ ఉండేవాడు కాదు.

చంద్రయ్య నీళ్ళలోంచి లేచి నా మీద పడ్డాడు. "కోసినవా? మా తమ్ముణ్ణి కోసినవారా?" అంటూ నెత్తురోడుతున్న చేత్తోనే ముఖం మీద గుద్దాడు. నా ముందు పళ్ళు రెండు ఊడాయి. నా తల బండకేసి కొట్టాడు. మా వంశంలో ఎవరి మీదా ఎవరూ చెయ్యెత్తి ఎరగరు. నేను తిరిగి కొట్టలేదు. పఠాన్ డ్రైవరు "ఖలాస్, ఖలాస్! ఛోడ్ దో!" అని అరుస్తూ వచ్చి అతన్ని వెనక నుంచి వాటేసుకుని లాగాడు. అంతలో పట్నంలో మసీదు పిలుపు వినిపించింది. పందెం ముగిసింది. మాకు చేప లేదు.

తిరుగు దారిలో ముదీర్ లారీ ముందు సీట్లో కూర్చున్నాడు. తన వంజరాన్ని బండ మీదే వదిలేశాడు. క్యాంపు చేరాక నాతో ఒక్క మాటే అన్నాడు. "వాణ్ణి పంపించెయ్." ఆ మధ్యాహ్నమే ఇనప్పెట్టె తెరిచి పాస్‌పోర్టు ఇచ్చాడు. దెబ్బల గురించి ఆసుపత్రిలో అడిగితే జారిపడ్డానని రాయించాను. ఫిర్యాదు చెయ్యలేదు. చెయ్యమని ఎవరూ అడగలేదు కూడా.

టికెట్ దొరికేలోపే టెలిగ్రాం వచ్చింది. నర్సయ్య చనిపోయాడని మాత్రమే ఉంది.

బయల్దేరే ముందు చంద్రయ్య నా గదికి వచ్చాడు. చేతికి కట్టు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. నా ముఖం వాపు వైపు చూడలేదు. అడగాల్సింది ఒకటే ఉందన్నాడు.

"దొరా, మీరు కోసేటాలకు గుంజుడు ఆగిందా? ఇంకా గుంజుతుండెనా?"

ఆగిందని చెబితే అతనికి తేలికయ్యేది. అది తెలిసే అడిగాడేమో, నాకు తెలియదు. ఆస్తులు పోయిన తర్వాత మాకు మిగిలింది మాట ఒక్కటే.

"గుంజుతూనే ఉంది చంద్రయ్యా," అన్నాను.

తల ఊపాడు. "అయితే అప్పటిదాంక బతికే ఉండె," అన్నాడు. వెళ్ళిపోయాడు. మళ్ళీ దుబాయ్ రాలేదు. దాయాదుల్లో ఇద్దర్ని నరికి జైలుకు వెళ్ళాడని తర్వాత విన్నాను.

దీని గురించి చాలా ఆలోచించాను. కొక్కెం ఏ ఓడ లంగరు తాడుకో తగులుకుని ఉండవచ్చు. నీటి సుళ్ళు దాన్ని వరసగా లాగి ఉండవచ్చు. పెద్ద సొరచేప అయి ఉండవచ్చు. ఈ సమాధానాలన్నీ నేనే ఇచ్చుకున్నాను. ఆ గుర్తు నాకు ముందే తెలిసి ఉంటే భ్రమ అనుకునేవాణ్ణి. నాకు తెలియదు. ముదీర్‌కు అసలే తెలియదు.

మరుసటి ఏడు అదే ఊరి మనిషి ఒకడు మా క్వారీలో పనికి వచ్చాడు. నేను స్టోరులో అతనికి బూట్లు ఇస్తూ నర్సయ్య ఎలా పోయాడని అడిగాను.

"శుక్రారం పొద్దుగాల బాయికాడ నరికిండ్రు దొరా. సచ్చిండనుకొని బాయిలకు నూకిండ్రు. సావలే. మోటరు కట్టిన తాడు పట్టుకొని గుంజిండు. శానాసేపు గుంజిండు. ఊరంత గడ్డకు నిలవడ్డది. గొడ్డండ్లు చూసి ఎవ్వడు చెయ్యి పెట్టలే."

"తర్వాత?"

"ఆఖరికి వాళ్ళ చిన్నాయన కొడుకు అచ్చి, గొడ్డలితోని తాడు తెగ్గొట్టిండు."

ఏ వేళకి అని అడగబోయాను. అతను చెప్పేవాడే, అక్కడే నిలబడి చూసినవాడు. నేను అడగలేదు. అతను బూట్లు చంకన పెట్టుకుని డ్రిల్లుల వైపు వెళ్ళిపోయాడు. ఆ శుక్రవారం నా గేలాన్ని అవతలి నుంచి గుంజినదేమిటో ఈనాటికీ నేను చెప్పలేను.