మేనరికం మీద వేసిన నింద

నేను కుదురుగా కూర్చోలేని మనిషిని. మా ల్యాబులో ఈ సంగతి అందరికీ తెలుసు. ఫలితం రావలసిన రోజు వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాను. గంటకోసారి యంత్రం దగ్గరికి వెళ్ళి చూస్తాను, నేను చూసినంత మాత్రాన అది తొందరగా పని చేయదని తెలిసి కూడా. జన్యువుల మీద పరిశోధన అనగానే తెల్లకోటు, బోలెడంత ఓర్పు ఉంటాయనుకుంటారు జనం. తెల్లకోటైతే ఉంది. ఓర్పు మాత్రం ఇరవై ఏళ్ళ ఉద్యోగంలోనూ అబ్బలేదు.

ఇది జరిగి ఎంతో కాలం కాలేదు. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.

భార్యాభర్తలు దొడ్డబళ్ళాపురం నుంచి వచ్చారు. ఆయన పవర్‌లూమ్ నడుపుతాడు. వాళ్ళతో పాటు ఆ అమ్మాయి తల్లి కూడా వచ్చింది. రెండేళ్ళ కిందట వాళ్ళ మొదటి బిడ్డ పోయాడు. ఆరో నెల దాకా బాగానే ఉన్న పిల్లవాడికి ఫిట్స్ మొదలై, మెడ నిలపడం, నవ్వడం ఒక్కొక్కటిగా పోయి, పద్నాలుగో నెలలో ప్రాణం పోయింది. ఇప్పుడామెకు మళ్ళీ తొమ్మిదో వారం. పోయిన బిడ్డ రక్తం మా ఫ్రీజరులో ఉంది. అందులో ఏ జన్యువు చెడిందో కనిపెట్టగలిగితే, పన్నెండో వారంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి, కడుపులో ఉన్న బిడ్డకు ఆ జబ్బు ఉందో లేదో చెప్పవచ్చు. కనిపెట్టలేకపోతే చెప్పడానికి ఏమీ ఉండదు. మా చేతిలో ఉన్నది మూడు వారాలు.

"పెళ్ళికి ముందు నుంచే చుట్టరికమా?" అని అడిగాను. మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ అదే.

"మా మామే మేడమ్. మా అమ్మకు సొంత తమ్ముడు" అంది ఆ అమ్మాయి, తల ఎత్తకుండా. "అందుకే ఇట్లాయ అని అందరూ అంటాండారు. మా అవ్వ కూడా అంటాది."

నేను ఫైలు మీద పెద్ద అక్షరాలతో 'మేనరికం' అని రాసి, దాని కింద గీత కూడా గీశాను. "అవునమ్మా, దగ్గరి రక్తంలో ఇలాంటివి ఎక్కువే" అని చెప్పి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాను. తల్లి గోడకేసి చూస్తూ కూర్చుంది. నేను దాన్ని దుఃఖమనుకున్నాను.

ఈ మాట అంత తేలిగ్గా నా నోట రావడానికి కారణం ఉంది. మా అమ్మానాన్నలది కూడా మేనరికమే. నాకంటే ముందు పుట్టిన అన్న నెల తిరక్కుండానే పోయాడు. మా ఇంట్లో ఎవరికి ఏ జబ్బు వచ్చినా, చివరికి నాకు సోడాబుడ్డి కళ్ళద్దాలు వచ్చినా, నింద మేనరికం మీదే పడేది. నేను ఈ చదువు చదివిందే అది నిజమా కాదా తేల్చుకోవడానికి. చదివాక చాలాసార్లు నిజమేనని తేలింది. అక్కడే నాకు పొగరు పట్టింది.

ప్రతి జన్యువూ మనలో జంటగా ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది నెట్టుకొస్తుంది. రెండూ చెడితే ఇలాంటి జబ్బులు వస్తాయి. మేనరికంలో తాతదో అవ్వదో ఒకే తప్పు రెండు వైపుల నుంచీ దిగివచ్చి బిడ్డలో కలుస్తుంది. కాబట్టి అలాంటి బిడ్డ రక్తం వస్తే, రెండింటిలోనూ అచ్చంగా ఒకే తప్పు ఉన్న చోట్లు మాత్రమే ముందుగా వెతుకుతాం. మిగతా వేలాది తేడాలను పక్కన పెట్టేస్తాం.

నేనూ అలాగే పక్కన పెట్టేశాను. ఏమీ దొరకలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ లేదు. అంతకంటే వింత ఏమిటంటే, మేనరికపు బిడ్డలో తప్పకుండా కనిపించాల్సిన ఒకేలాంటి భాగాలు ఈ బిడ్డలో అసలు లేనే లేవు. అప్పుడు నాకు తట్టాల్సింది ఒకటి, తట్టింది ఇంకొకటి. ట్యూబు తారుమారైందనుకున్నాను. మా టెక్నీషియన్‌ను పిలిచి నలుగురిలో కడిగేశాను. పదేళ్ళుగా ఒక్క ట్యూబు కూడా తప్పు పెట్టని మనిషి ఆమె. కళ్ళనీళ్ళు పెట్టుకుని పాత రిజిస్టర్లన్నీ తిరగేసింది. ఈ గొడవలో తొమ్మిది రోజులు పోయాయి. నాకు అన్నం సయించలేదు. రాసిన ప్రతి ఈమెయిల్లోనూ ఎవరినో ఒకరిని విసుక్కున్నాను.

చివరికి, ట్యూబులో ఉన్నది ఆ బిడ్డ రక్తమేనా అని సరిపోల్చడానికి ముగ్గురినీ మళ్ళీ రమ్మన్నాను. భార్యాభర్తలు రక్తం ఇచ్చారు. తల్లి మాత్రం చెయ్యి చాపలేదు. ఒంట్లో బాగాలేదంది, సూదంటే భయమంది, ఇంకోసారి ఇస్తానంది.

మర్నాడు పొద్దున పదింటికి ఆమె ఒక్కతే వచ్చింది. లోపలికి రానంది. ఎదురుగా ఉన్న దర్శిని హోటలుకు తీసుకెళ్ళాను. నిలబడి తాగే బల్ల దగ్గర కాఫీ పెట్టుకుని, గ్లాసు ముట్టుకోకుండా అడిగింది.

"మేడమ్, రక్తం తీస్తే ఎవరి బిడ్డ ఎవరనేది తెలిసిపోతాదా?"

"తెలుస్తుంది. ఎవరి సంగతి?"

"నా బిడ్డ సంగతే." పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దాన్ని నేను కనలేదు మేడమ్. పదేండ్లు చూసినాము, కడుపు పండలేదు. అప్పుడు హొసకోటెలో ఉంటిమి, మా ఆయన అక్కడ ఫ్యాక్టరీకి పోతాండె. పక్కింటామెకు నాలుగోది కూడా ఆడబిడ్డే పుట్టింది. ఆమే తెచ్చి నా ఒళ్ళో పెట్టె. ఊర్లో అందరికీ హొసకోటెలో కాన్పయిందని చెప్పినాము. ఇప్పుడు ఆయన లేడు. మా వాళ్ళల్లో తెలిసేది నాకొక్కదానికే."

"మీ తమ్ముడికి?"

"వాడప్పుడు చిన్న పిల్లోడు. వానికేం తెలుసు?"

"మరి ఆయనకే ఎందుకిచ్చారమ్మా?"

"పరాయోళ్ళకిస్తే పోతాది కదా మేడమ్. తమ్మునికిచ్చుకుంటే మా ఇంటి రక్తంలో కలిసిపోతాది, ఎప్పటికీ నా దగ్గరే ఉంటాది అనుకొంటిని."

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీదా, నా మీదా. తొమ్మిది రోజులు గాలికి పోయాయని అరవాలనిపించింది. కానీ ఆమెను అడగకుండా గీత గీసి రాసింది నేనే కదా. కాళ్ళు పట్టుకుంటాను, బిడ్డకు చెప్పొద్దు అంది. చెప్పనని మాటిచ్చాను. ఆ మాట చెప్పాల్సింది నేను కాదు, ఆమె. కానీ మీ అమ్మాయి అడిగితే అబద్ధం మాత్రం చెప్పనని కూడా అన్నాను.

రోడ్డు దాటి పరుగులాంటి నడకతో ల్యాబుకు వెళ్ళి, పక్కన పెట్టినవన్నీ తెరిచాను. సాయంత్రం టీ లోపలే దొరికింది. ఒకే జన్యువులో రెండు వేర్వేరు తప్పులు. రెండు రోజుల్లో భార్యాభర్తల రక్తంతో సరిచూస్తే, ఒకటి ఆయన రక్తంలో ఉంది, ఇంకోటి ఆమె రక్తంలో ఉంది. మొదటి రోజు నుంచీ నా కళ్ళ ముందే ఉన్నాయి. టెక్నీషియన్ దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. ఆమె తలూపింది, నాతో మామూలుగా మాట్లాడడానికి మాత్రం నెల పట్టింది.

పన్నెండో వారంలో పరీక్ష చేశారు. ఫలితం వచ్చిన రోజు తల్లీకూతుళ్ళు ఇద్దరే వచ్చారు. మగ్గాల పని ఉండి ఆయన రాలేదు. కడుపులో బిడ్డకు తండ్రి వైపు తప్పు ఒక్కటే వచ్చింది, తల్లి నుంచి మంచిదే వచ్చింది, ఈ జబ్బు రాదు అని చెప్పాను. ఆ అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. సంతోషపడుతుందనుకున్నాను. పడలేదు.

"ఈసారి మేనరికం మమ్మల్ని ఇడిసిపెట్టెనా మేడమ్?" అంది.

"పోయిన సారి కూడా అది కాదమ్మా" అన్నాను. "మేనరికం వల్ల వచ్చినదైతే రెండు తప్పులూ ఒకేలా ఉంటాయి. మీ ఇద్దరివీ వేరు. చూడకుండా మేనరికమని రాసింది నేను. ఆ తప్పు నాది."

"అదెట్లా మేడమ్? ఆయన నాకు సొంత మామ కదా?"

చుట్టాల్లో కూడా ఒక్కోసారి ఇలా వేర్వేరు తప్పులు కలుస్తాయని చెప్పవచ్చు. ఆ మాట అబద్ధం కాదు, దాని వెనక నేను దాక్కోవచ్చు. నోరు తెరిచాను. అంతలో తల్లి అంది.

"నువ్వు నా కడుపున పుట్టలేదు పాపా. నీ రక్తం, మామ రక్తం ఒకటి కాదు."

లేచి కిటికీ తెరవాలనీ, నీళ్ళు తేవాలనీ, ఏదో ఒకటి చేయాలనీ కాళ్ళు లాగాయి. బలవంతాన కూర్చున్నాను. ఆ అమ్మాయి తల్లి వైపు తిరిగింది.

"రెండేండ్లమ్మా. నా బిడ్డను నేనే చంపుకొంటినని రోజూ ఏడుస్తాంటే, నా తలకు నూనె పెడతా కూచుంటివి. ఈ మాట నోట్లోనే పెట్టుకొని."

"చెప్తే నువ్వు నాకు లేకుండా పోతావనుకొంటిని."

"నా కొడుకు నాకు లేకుండా పోయినాడు. నేనెక్కడికి పోతాననుకొంటివి?"

రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుని ఆమె బయటికి వెళ్ళిపోయింది. తల్లి లేవలేకపోతే నేను జబ్బ పట్టి లేపాను. మెట్ల దాకా తీసుకెళ్ళాక, ఇక నేనే దిగుతానంది. కిటికీలోంచి చూస్తే ఆ అమ్మాయి బస్ స్టాపులో ఎండలో నిలబడి ఉంది. దొడ్డబళ్ళాపురం బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ పిలిచాడు. ఆమె ఎక్కలేదు. బస్సు వెళ్ళిపోయింది. తల్లి ఇంకా మెట్లు దిగుతూనే ఉంది.