సుశీలమ్మ టీచరు ఏ నియోజకవర్గం?

2022 అక్టోబరులో నేను కోయిలకుంట్లకు దగ్గరి ఒక మండలంలో ఉప తహసీల్దారుగా ఉన్నాను. శాసనమండలి ఎన్నికకు ఓటర్ల దరఖాస్తులు తీసుకునే పని నాది.

నియోజకవర్గమంటే అప్పటికి నా లెక్కలో నేల హద్దే. మా మండలం ఒకప్పుడు కోయిలకుంట్ల శాసనసభ స్థానంలో ఉండేది. నియోజకవర్గాల పునర్విభజనలో ఆ స్థానం రద్దయ్యాక బనగానపల్లెలో కలిసింది. లోక్‌సభకు నంద్యాల. ఊరి పేరు చెబితే ఇవన్నీ తేలిపోతాయి. మండలి దగ్గర అలా తేలలేదు. కర్నూలు, కడప, అనంతపురం పాత జిల్లాలు మూడూ కలిపి పట్టభద్రులకు ఒక నియోజకవర్గం, అదే నేల మీద ఉపాధ్యాయులకు మరొకటి. మామూలు ఓటరు కార్డు చాలదు, ఆరేళ్లకోసారి వచ్చే ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా రాస్తారు. పట్టభద్రులకు ఫారం 18, ఉపాధ్యాయులకు 19.

సుశీలమ్మ గారు చర్చి వారి ప్రాథమిక పాఠశాలలో పనిచేసేవారు. "టీచర్నప్పా, ఓటు రాపిచ్చుకోవల్ల" అన్నారు. మరో మాట అడగకుండా 19 ఇచ్చాను. రసీదు మీద సంతకం నాదే.

మార్చిలో పోలింగు నాడు నన్ను సహాయ కేంద్రంలో కూర్చోబెట్టారు. ఆమె రసీదు పట్టుకుని వచ్చారు. ఉపాధ్యాయుల జాబితా రెండుసార్లు చూశాను, పట్టభద్రులదీ చూశాను. పేరు లేదు. నాకేమీ అర్థం కాలేదు. తహసీల్దారు గారికి ఫోను చేస్తే చెప్పారు: ఉపాధ్యాయ ఓటు హైస్కూలు, ఆపై స్థాయి వారికే. ఆమె దరఖాస్తు తిరస్కరించారు.

"డిగ్రీ ఉందా అమ్మా?" అని అప్పుడడిగాను.

"బి.ఏ. ఉండాది. బడికి పోతానే, నాకు యాభై ఏండ్లప్పుడు చదివినా. ఆ డిగ్రీ ఓటు యేద్దామనే వస్తి."

పట్టభద్రుల ఓటు ఆమెకు రావలసిందే. నామినేషన్ల గడువు దాటాక పేరు చేర్చే వీలు లేదు. తప్పు నాదని చెప్పాను.

"నువ్విచ్చిన కాయితమే రాస్తి గదప్పా. ఇంగ నేను యాడుండానని?"

శాసనసభకు బనగానపల్లె, లోక్‌సభకు నంద్యాల అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. ఆమె అడిగింది అది కాదు. రసీదు తిప్పి నా ముందు పెట్టారు.

"ఏ ఫారమో దీని మీద రాసియ్యి. ఆరేండ్లకు నువ్వు ఈడ ఉండవు."

'ఫారం 18, పట్టభద్రులు' అని రాసిచ్చాను. మరుసటి సంవత్సరం పదవీ విరమణ చేశాను. మిగిలిన ఆ కొద్ది కాలంలో, ఎవరు ఏ కాగితం అడిగినా, ముందు వాళ్ల వివరాలన్నీ అడిగాకే ఫారం తీశాను.