అంతర్వేదిలో మూడో పిలుపు

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది, చెప్పడం ఆపేసి లేచి వెళ్లిపోతాను. ఇది ఎవరో చెబితే విన్నది కాదు. నాకు జరిగింది. మా అత్తమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను... ఆమె మీద నేను ఊరికే ఒట్టు వేసే మనిషిని కాదని మా చిలకలగూడలో ఎవరినడిగినా చెబుతారు.

ముందు నా సంగతి ఒక ముక్క చెప్పాలి. అప్పట్లో నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌ని. రాష్ట్రం ఇంకా ఒకటే. సెల్‌ఫోన్లు ఎక్కడో డబ్బున్నవాళ్ల దగ్గర కనబడేవి. రోజంతా చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని, గరగరమనే లైన్లలో ఎవరెవరి గొంతులో వినడమే నా ఉద్యోగం. ఒక్కసారి విన్న గొంతును మళ్లీ వింటే గుర్తుపడతాను. మాట మార్చినా, జలుబు చేసినా, తాగి మాట్లాడినా... పట్టేస్తాను. ఈ విషయంలో నాకు గర్వమే. అందుకే ఈ కథ నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మా మామగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. మా ఇలవేల్పు నరసింహస్వామి. అంతర్వేది వెళ్లి సముద్రస్నానం చేసి స్వామిని చూడాలని ఆయనకు చిన్నప్పటి నుంచీ మొక్కు. చేతిలో రైలు పాసు ఉంది, అయినా వెళ్లలేదు. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు అంటూనే పోయారు. ఏడాది గడిచాక, సంవత్సరీకం అయిపోగానే అత్తమ్మ అడిగింది.

"ఆయన మొక్కు నేను తీరుస్తా బిడ్డా. నన్ను జెర తీసుకపోండ్రి."

కాదంటామా? పిల్లల్ని బొల్లారంలో మా అమ్మ దగ్గర వదిలి, నేనూ, మా ఆయన నర్సింలూ, అత్తమ్మా... ముగ్గురం రాత్రి రైలెక్కాం. పొద్దున్నే నర్సాపురంలో దిగి, పంటు మీద గోదావరి దాటి, ఆటోలో అంతర్వేది. దర్శనం బాగా జరిగింది. మర్నాడు తెల్లారుజామున సముద్రస్నానం చేసి తిరుగు ప్రయాణం అనుకున్నాం. సముద్రం వైపు ఉన్న ఒక సత్రంలో గది దొరికింది. ముందు అరుగు, వెనక నుయ్యి, చుట్టూ సరుగుడు తోట. తోట దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం.

అత్తమ్మ గురించి రెండు సంగతులు తెలియాలి. ఒకటి, ఆమెకు రేచీకటి. పొద్దు గూకితే గోడ పట్టుకోనిదే గది దాటదు. రెండోది ఆమె పట్టింపు. చీకటి పడ్డాక ఎవరు పిలిచినా మూడోసారికి గాని పలకదు. కన్నకొడుకు పిలిచినా సరే. దయ్యానికి రెండుసార్లు పిలిచే బలమే ఉంటుందనీ, మూడోసారి పిలిచిందంటే అది మనిషేననీ ఆమె లెక్క. మా ఇంట్లో అందరికీ ఇది అలవాటైపోయింది. "అత్తమ్మా, అత్తమ్మా, అత్తమ్మా, అన్నం తిందురు రండి" అని ఒక్క ఊపులో మూడుసార్లూ పిలిచేస్తాను. పక్కింటివాళ్లు నవ్వుకునేవారు.

ఆ రాత్రి మా ఆయన భోజనాలు పట్టుకొస్తానని గుడి వైపు వెళ్లాడు. అత్తమ్మ అరుగు మీద కూర్చుంది. నేను నూతి దగ్గర బట్టలు పిండుతున్నాను. కరెంటు పోయింది. ఆ ఊళ్లో కరెంటు పోవడం పెద్ద విశేషమేం కాదట. పిండడం పూర్తి చేసి, తడుముకుంటూ ముందుకొచ్చాను.

అరుగు మీద చెప్పులున్నాయి. అత్తమ్మ లేదు.

గదిలో లేదు. పక్క గదుల్లో లేదు. అంతలో మా ఆయన పొట్లాలతో వచ్చాడు.

"అమ్మ ఏదీ?"

"ఇక్కడ్నే కూసుండె..."

"కూసుండుడేంది? కండ్లు కనబడని మనిషిని ఒక్కదాన్నే ఇడిచిపెట్టినవా? బట్టలు రేపు పిండితే కాదా?"

మామూలు రోజైతే ఆ మాటకు నేను రెండు మాటలు అప్పజెప్పేదాన్ని. ఆ పూట కాపలా మనిషి కోసం కేకేశాను. సత్రం కాపలాదారు లాంతరు పట్టుకొచ్చాడు. పెద్దాయన, నెమ్మదస్తుడు.

"కంగారు పడకండమ్మా. గుడి వైపు వెళ్లుంటారండి. నేనటు చూసొస్తాను. మీరిద్దరూ ఇటు చూడండి. నీళ్ల దగ్గర మాత్రం జాగ్రత్తండి, ఇయ్యాల పోటు ఎక్కువగా ఉంది."

లాంతరు వెలుగు మా ఆయన మొహం దాకా రాలేదు గాని, పోటు అనగానే చేతిలో పొట్లాలు కింద పడ్డ చప్పుడు వినబడింది.

సరుగుడు తోటలో పడి పరుగెత్తాం. ఉన్నది ఒక టార్చి, అదీ మిణుకు మిణుకుమంటోంది. ఇక్కడో పిలుపు, అక్కడో పిలుపు. "అమ్మా" అని ఆయన ఒకసారి... నాలుగు అడుగులు... "అత్తమ్మా" అని నేనొకసారి... మళ్లీ పరుగు. మూడుసార్లు పిలవాలన్న సంగతి ఇద్దరికీ బుర్రలో లేదు. ఇన్నేళ్లు రోజూ చేసే పని. ప్రాణం మీదికి వచ్చిన పూటే మరిచిపోయాం.

ఇసుకలోకి వచ్చాం. ఎదురుగా సముద్రం... కనబడదు. హోరు ఒక్కటే. దూరాన లైట్‌హౌస్ వెలుగు తిరుగుతూ ఒకసారి మా మీదుగా పోతోంది, మళ్లీ కటిక చీకటి.

మా ఆయన ఏడుస్తున్నాడు. "నాయన పోయిండు, ఇప్పుడు అమ్మను సుత ఈడ పోగొట్టుకుంటనా" అన్నాడు. ఆయన ఏడవడం మామగారి పాడె లేచిన రోజు కూడా నేను చూడలేదు.

"నేను ఎడమకు పోత, నువ్వు కుడికి పో" అని టార్చి పట్టుకుని వెళ్లిపోయాడు.

నేను కుడికి నడిచాను. తడి ఇసుక అరికాళ్లకు తగిలింది. ఆగాను. గొంతు కూడదీసుకుని పిలిచాను.

"అత్తమ్మా..."

ఏమీ లేదు. ఎడమ వైపు దూరం నుంచి మా ఆయన పిలుపు వినబడింది. "అమ్మా..." ఏడుపుతో గొంతు బొంగురు పోయింది.

ఏమీ లేదు.

అప్పుడు... చూడండి, ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్పనివ్వండి. ఒక అల వచ్చి విరిగింది. నురగ నా పాదాల దాకా వచ్చి, జరజరమని వెనక్కి పోయింది. ఇంకో అల ఇంకా రాలేదు. ఆ మధ్యలో చప్పుడు తగ్గింది. గాలి కూడా ఆగినట్టనిపించింది.

"అమ్మా."

మా ఆయన గొంతే. అచ్చంగా ఆయన గొంతే. కాని ఎడమ నుంచి కాదు. నా ఎదురుగా... నీళ్లలోంచి.

నాకు ముందు భయం వెయ్యలేదు. కోపమొచ్చింది. ఈత రాని మనిషి నీళ్లలోకి ఎందుకు దిగాడు అని. తిడదామని నోరు తెరిచాను. అంతలో వినబడింది... చాలా మామూలుగా, వంటింట్లోంచి పలికినట్టు...

"ఆఁ... వస్తున్న."

అత్తమ్మ.

ఎటు పరుగెత్తానో నాకు తెలియదు. ఆ పలుకు వచ్చిన వైపు. లైట్‌హౌస్ వెలుగు తిరిగొచ్చింది. కనబడింది... నా ముందే, మోకాళ్ల లోతు నీళ్లలో. వీపు నా వైపు. మొహం సముద్రం వైపు. నడుస్తోంది. ఇంట్లో గోడ వదిలి అడుగు వెయ్యని మనిషి, రెండు చేతులూ కిందికి వదిలేసి, ఎక్కడా తడబడకుండా నడుస్తోంది.

వెనక నుంచి నడుం పట్టేసుకున్నాను. అల ఇద్దరినీ ఒక్క తోపు తోసింది. ఉప్పు నీళ్లు నోట్లోకి పోయాయి. అయినా వదల్లేదు. ఆమె గింజుకుంది. ఆ బక్క ప్రాణికి అంత బలం ఎక్కడిదో... "ఇడువు, ఇడువు" అంది. ఈడ్చుకొచ్చి ఇసుకలో పడేశాను.

అప్పుడు వచ్చాడు మా ఆయన. ఎడమ నుంచి, దూరం నుంచి, టార్చి ఊపుకుంటూ. ప్యాంటు పొడిగా ఉంది. మోకాళ్ల దాకా ఇసుక, అంతే.

"మీరు నీళ్లల్లకెందుకు దిగిండ్రు?" అన్నాను.

"నేనేడ దిగిన? నువ్వు దిగినవనే పరేషాన్ అయ్యి ఉరికొస్తున్న. నేను పిలిచినంక నీళ్లల్ల నిలబడి ‘అత్తమ్మా’ అని పిలిచింది నువ్వే గద?"

ఆయన అమ్మను వీపున వేసుకున్నాడు, నేను టార్చి పట్టుకున్నాను. సత్రం దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

కాపలాదారుకు చెబితే తల ఊపాడు. "గాలి అలా తిప్పుతుందండి. ఇక్కడ పిలిచిన పిలుపు అక్కడ వినబడుతుంది. మాకలవాటేనండి" అన్నాడు. మంచి మాటే. నేనూ అదే నమ్ముదామనుకున్నాను. కాని గొంతులు వినే పని నాది. గాలి తిప్పితే అదే పిలుపు తిరిగి రావాలి కదా. మా ఆయన పిలుపులో ఏడుపుంది. ఆ పిలుపులో లేదు. అన్నం చల్లారిపోతోంది రమ్మన్నట్టు... అంత నిదానంగా ఉంది. పైగా అది ఆయనకు నా గొంతులా ఎలా వినబడుతుంది?

పొడి చీర కట్టి, తల తుడిచి, నిదానంగా అడిగాను. అరుగు దిగి ఎందుకు పోయారని.

"పోలే. దొడ్డికి పోదామని గోడ పట్టుకున్న. గోడ అయిపోయింది. మల్ల దొరకలే."

"మేము పిలిస్తే వినబడలేదా?"

"ఎందుకు వినబడలే? నాకు వినబడ్డయి నువ్వొక్కసారి, వాడొక్కసారి. రెండే గద? మూడోది అయినంక పలికిన."

"మూడోది ఎవరు పిలిచిండ్రు అత్తమ్మా?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"ఆయన. ‘ఓయ్’ అన్నడు. నన్ను ఓయ్ అని ఇంకెవరు పిలుస్తరే? మూడోసారి పిలిచిండంటె దయ్యం కాదు. మనిషే."

మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు మొక్కు తీర్చాం. స్నానానికి ఆమెను చెరోవైపూ పట్టుకునే దింపాం, మూడు మునకలు వేయించి వెంటనే ఒడ్డెక్కించాం. పొద్దుటి వెలుగులో సముద్రం ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది. చుట్టూ జనం, పిల్లలు, బఠాణీల బండి. రాత్రి నిలబడ్డ చోటు ఎక్కడో గుర్తుపట్టలేకపోయాను.

నేను పిరికిదాన్ని కాదు. ఆ తర్వాత కూడా నైట్ డ్యూటీ చేసి ఒక్కదాన్నే ఇంటికి నడిచొచ్చాను. అక్కడేదో ఉంది, మమ్మల్ని ముగ్గురినీ మూడు గొంతులతో పిలిచింది, ఇందులో నాకు అనుమానం లేదు. నాకు తెలియనిది ఒక్కటే. ఆ పిలుపు లేకపోతే ఆమె పలికేది కాదు, పలకకపోతే మాకు దొరికేది కాదు. కాని ఆ పిలుపు వినే ఆమె నీళ్లలోకి నడిచింది. అది మాకు చూపించడానికి పిలిచిందా... తీసుకుపోవడానికి పిలిచిందా?

తిరుగు రైల్లో అత్తమ్మ కింది బెర్తు మీద పడుకుంది. నేను నిద్రపోలేదు, ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాను. ఎక్కడో రైలు ఆగినప్పుడు ఆమె కళ్లు తెరిచి, నా చెయ్యి నిమిరి, కోపం లేకుండా అంది.

"మంచిగనే పిలిచిండు బిడ్డా. మీరే తొందరపడి పట్టుకున్నరు."