కంకర దారిలో మా మేడం

మా పక్కింటి ఫ్రెంచి మేడం పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. మా అక్క హాస్పిటల్‌లో పై అంతస్తులో నర్సు. నేను అదే హాస్పిటల్‌లో కింద లాండ్రీలో పని చేస్తాను. అక్క ఫోన్ చేసి, "ఒరే, మేడం వెళ్ళిపోయిందిరా. నిద్రలోనే. బాధ పడలేదులే," అంది. సరే అన్నాను. ఆ పూట పైనుంచి వచ్చిన దుప్పట్లలో ఆమెవి ఏవో నాకు తెలియదు. అన్నిటినీ రెండేసి సార్లు మిషన్‌లో వేశాను.

మన సంఘం పత్రికకు నేనెప్పుడూ ఏమీ రాయలేదు. మా ఊరి బళ్ళో ఎనిమిదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. కానీ ఆమె గురించి ఒక సంగతి చెప్పవలసి ఉంది. ఏళ్ళ తరబడి లోపలే పెట్టుకున్నాను. మీలో కొందరు ఆమెను చూసే ఉంటారు. మన క్రిస్మస్ ఆరాధనకు ఒకసారి వచ్చి, చివరి వరసలో కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా మూడు గంటలూ కదలకుండా విన్నారు.

నేను ఈ దేశం వచ్చింది డెబ్బైల చివరలో. అక్క పిలిపించుకుంది. అప్పటికే నాకు యాభై దాటాయి. భార్య లేదు, పిల్లలు లేరు. విస్కాన్సిన్‌లో చిన్న ఊరు మాది. ఇంటి నుంచి హాస్పిటల్‌కి అయిదు మైళ్ళు. మధ్యలో హైవే. డ్రైవింగ్ టెస్ట్‌కి మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి నా చేతులు వణకడం చూసి, పక్కన కూర్చున్న ఆఫీసరు కారు ఆపించి, తనే నడుపుకుంటూ వెనక్కి తీసుకొచ్చాడు. ఆ తరవాత మళ్ళీ వెళ్ళలేదు.

బావ దింపేవాడు. "బామ్మర్దీ, ఇక్కడ కారు లేనివాడికి కాళ్ళు లేనట్టేనోయ్," అని నవ్వేవాడు. నవ్వుతూ అన్నా గుచ్చుకునేది. ఆయన షిఫ్ట్ మారింది. నాకు ఆలస్యాలు మొదలయ్యాయి. లాండ్రీ సూపర్‌వైజర్ మంచివాడే. అయినా ఒకరోజు పిలిచి, ఇంకోసారి ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటానని మెల్లగా చెప్పాడు. గట్టిగా అరిచినా అంత భయపడేవాణ్ణి కాదు.

ఆ ఎండాకాలం ఇంటి కింద గదిలో పడున్న పాత సైకిలు బాగుచేస్తున్నాను. కంచె అవతలినుంచి మేడం చూశారు. హైస్కూల్లో ఫ్రెంచి చెప్పి రిటైరయ్యారు. భర్త ఇక్కడివాడు, ఎప్పుడో పోయాడు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఒకటే నీలం స్వెట్టర్‌లో ఉండేవారు. "నా సైకిలు చెయిను కూడా చూస్తారా?" అన్నారు. తల ఊపాను. చెయిను ఎక్కించాక వంటింట్లోకి పిలిచి కాఫీ ఇచ్చారు. గోడ మీద వాళ్ళ దేశం మ్యాపు ఉంది. దాని మీద పెన్సిలుతో గీసిన వంకర గీత చూపించారు.

"ఇది కాలవ. ఇది గట్టు. గట్టంతా కంకర దారి. మా ఊరినుంచి ఇక్కడిదాకా పొద్దున బయల్దేరితే సాయంత్రం. ఒక్క కారు ఎదురవదు."

ఒకప్పుడు గుర్రాలు ఆ గట్టు మీద నడుస్తూ పడవలు లాగేవట. దారికి రెండువైపులా పెద్ద పెద్ద చెట్లట. లాకుల దగ్గర కాపలావాడి ఇల్లు, ఆ ఇంటి కిటికీలో అమ్మకానికి గుడ్లు, చెర్రీ పళ్ళు. ఆమె చెబుతుంటే నా నోరు ఆగలేదు. "మా ఊళ్ళోనూ కాలవ ఉంది. మా తాత పడవ తాడు లాగేవాడు. గుర్రం లేదు. తాతే," అన్నాను. ఇంగ్లీషులో అన్ని మాటలు వరసగా మాట్లాడటం నాకదే మొదలు.

"మీకూ లాకులున్నాయా?" అన్నారు.

"ఉన్నాయండి. అక్కడే ఈత నేర్చాను."

ఆమె ఇంకో కప్పు కాఫీ పోశారు. మాకు స్నేహం అలా కలిసింది.

మా వీధి వెనకాల పాత రైలు కట్ట ఉండేది. రైళ్ళు ఆగిపోయాక పట్టాలు పీకేశారు. ఊరి బోర్డు వాళ్ళు దాని మీద సన్న కంకర పోయించి, సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ వదిలారు. ఒక ఏడాది చూస్తాం, ఆ తరవాత ఓటు వేసి ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తాం అన్నారు. పక్కనున్న పాడి రైతులు కొందరికి అది ఇష్టం లేదు. ఆ కట్ట హాస్పిటల్ వెనక గేటు దాకా పోతుంది. ఈ సంగతి నాకు చెప్పింది మేడమే. "మీకు కారు అక్కర్లేదు," అన్నారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. సంతోషం కొంత. ఏడాది తరవాత ఎలా అన్న బెంగ చాలా.

రోజూ సగం దూరం నాతో వచ్చేవారు. కంకర మీద తొక్కడం వేరేగా ఉంటుంది. "చక్రంతో పోట్లాడకండి. కాస్త పక్కకు జరుగుతుంది, జరగనివ్వండి," అనేవారు. వాన పడ్డాక ఆగి, ఒక పిడికెడు కంకర తీసి నలిపి చూసి, "మా దగ్గర ఇంతకన్నా తెల్లగా ఉంటుంది," అనేవారు. ప్రతిసారీ అదే మాట. మలుపు వస్తే ఎవరూ లేకపోయినా బెల్లు కొట్టేవారు.

ఇంకొకటి చేసేవారు. నా వెనకాల వస్తూ, "రైట్! కీప్ రైట్!" అని కేకలు వేసేవారు. మన దేశంలో ఎడమ పక్కన పోతాం కదా. నలభై ఏళ్ళు తొక్కిన కాళ్ళు. కారులో కూర్చుంటే కుడి గుర్తుండేది, సైకిలెక్కితే నేను మా కాలవ గట్టు మీదే ఉండేవాణ్ణి. తెలియకుండానే ఎడమకు జరిగిపోయేవాణ్ణి. ఆమె కేక వేసేవారు, నేను కుడికి వచ్చేవాణ్ణి. అక్క విని, "ఏరా, బళ్ళో పిల్లాడిలా తిట్టించుకుంటున్నావటగా దొరసానితో!" అని ఏడిపించేది.

ఏడాది నిండటానికి నెలన్నర ముందు ఆ పని జరిగింది. పొగమంచు పట్టిన పొద్దున. మేడంకి జలుబు, రాలేదు. మలుపులో ఎదురుగా సైకిలు మీద ఒకామె. ఆ పక్క పొలం రైతు భార్య. ఆమె తన కుడికి తిప్పింది. నేను నా ఎడమకు తిప్పాను. ఇద్దరం ఒకే పక్కకు పోయాం. ఆమె పల్లంలో పడింది. మణికట్టు విరిగింది. నా తువ్వాలుతో చెయ్యి కట్టి ఇంటిదాకా నడిపించాను. రైతు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. ఆమెను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశాడు.

ఆ వారమే అతను బోర్డుకు ఉత్తరం రాశాడు. దారి మూసెయ్యాలని. సైకిలును కింద గదిలో పెట్టి పైన గుడ్డ కప్పి, చీకటితో లేచి పనికి నడిచి పోయేవాణ్ణి. వీధిలో పోలీసు కారు కనిపిస్తే వంటింట్లోకి పోయేవాణ్ణి.

"గ్రీన్ కార్డ్ తీసేస్తారా అక్కా?"

"సైకిలు గుద్దినందుకా? పిచ్చి మొహమా, అన్నం తిను."

"దారి మూసేస్తే?"

అక్క నా కంచంలో ఇంకాస్త అన్నం పెట్టింది. బావ ఆ రోజు కాళ్ళ మాట ఎత్తలేదు.

బోర్డు మీటింగ్‌కి వెళ్ళకూడదనుకున్నాను. మేడం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "మీరు రాకపోతే ఆ దారి ఎవరికీ అవసరం లేదనుకుంటారు. కోటు వేసుకోండి," అన్నారు. వేసుకున్నాను.

హాలు నిండా జనం. రైతు లేచాడు. "ఎవరెవరో వస్తారు. ఏ పక్కన పోవాలో కూడా తెలియదు. రేపు నా ఆవుల మీదికి వస్తారు," అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. లేచి ఒక మాట చెప్పాలి. తప్పు నాదే, మేడం రోజూ చెబుతూనే ఉన్నారు, నాకే రాలేదు, అని. మాటలు నోటిదాకా వచ్చాయి. కాళ్ళు లేవలేదు.

మేడం లేచారు. "ఆయనను ఆ దారికి తీసుకెళ్ళింది నేను. నా దేశంలో కుడి, మీ దేశంలో కుడి. ఆయన దేశంలో ఏ పక్కో నేను అడగలేదు. కుడి పక్కన పొమ్మని ఒక్కసారీ చెప్పలేదు. తప్పు నాది," అన్నారు. అంత శుభ్రంగా, క్లాసులో పాఠం చెప్పినట్టు.

అప్పుడు చేతికి కట్టుతో రైతు భార్య లేచింది. "ఈయన తన తువ్వాలుతో నా చెయ్యి కట్టాడు. మా ఆయనైతే ముందు సైకిలుకు ఏమైందో చూసేవాడు," అంది. జనం నవ్వారు. రైతు ఎర్రబడ్డాడు. ఓటు వేశారు. ఒక్క చెయ్యి ఎక్కువ లేచింది. దారి ఉంచారు. మలుపుల దగ్గర కుడి పక్కన పొమ్మని బోర్డులు పెట్టించారు.

తిరిగి వచ్చేటప్పుడు అడిగాను. "అబద్ధం ఎందుకు చెప్పారు మేడం?"

"అబద్ధమా? కుడి అని చెప్పాను, నిజమే. మీ కాళ్ళకు వినపడేలా చెప్పలేదు. టీచర్‌కి అది తప్పే," అన్నారు. ఇక ఆ మాట ఎత్తనివ్వలేదు.

ఆ ఊళ్ళో ఆమెకు మంచి పేరు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. ఆ తరవాత కొంతకాలం బజార్లో కొందరు, "ఆ పెద్దావిడ అజాగ్రత్త వల్లే," అనడం నేను విన్నాను. ప్రతిసారీ చెప్పబోయాను. నిజం తెలిస్తే మళ్ళీ ఓటు పెడతారేమో, దారి పోతుందేమో, ఉద్యోగం పోతుందేమో. ఊరుకున్నాను. అలా ఊరుకుంటూనే ఇన్నేళ్ళూ ఆ దారి మీదే పనికి వెళ్ళాను. తన మోకాళ్ళు పట్టేసేదాకా ఆమె నా పక్కనే వచ్చారు. ఆ మాటలు ఆమె చెవినా పడే ఉంటాయి. ఒక్కనాడూ నన్ను అడగలేదు.

శనివారం సమాధి చేశాం. సోమవారం పొద్దున పనికి పోతూ ఆ రైతు ఇంటి దగ్గర సైకిలు దిగాను. తలుపు తట్టాను. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. దారిపొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు చెప్పేశాను. "ఆమె రోజూ చెప్పేవారు. కుడి పక్కన పొమ్మని. తప్పు నాది. ఆ రోజు నేను చెప్పలేదు."

భార్య భర్త మొహం చూసింది. అతను టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు. "ఆ ఏడాదంతా ఆవిడ కేకలు నా పాలకొట్టం దాకా వినపడేవి. ఆవులు కూడా తలెత్తి చూసేవి."

"మరి ఆ రోజు మీటింగ్‌లో..."

"నాకు ఫ్రెంచి చెప్పింది ఆవిడే. ఆవిడ నిలబడి మాట్లాడుతుంటే లేచి కాదనడం నావల్ల కాలేదు."

వాళ్ళ ఆవులు దారి దాటే వేళ అయింది. అతను ముందు పోయి చెయ్యెత్తి నన్ను ఆగమన్నాడు. కుడి అంచున ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాను. ఆవులు ఒకటొకటిగా కట్ట ఎక్కుతున్నాయి. గిట్టల కింద కంకర కరకరమంటోంది. ముక్కుల్లోంచి ఆవిరి వస్తోంది. గడియారం చూసుకున్నాను. మళ్ళీ చూసుకున్నాను. ఒక తెల్ల ఆవు దారి మధ్యలో ఆగి నావైపు తిరిగి చూసి, కదలకుండా నిలబడింది.